కాలనీ గస్తీకి వాకీటాకీలు: లైసెన్స్ దగ్గర్నుంచి 911 కాల్ దాకా (అమెరికాలో ఉన్న మనవాళ్ళకి)

మా సబ్‌డివిజన్ వాట్సాప్ గ్రూపులో ఒక రాత్రి పదకొండున్నరకి "ఎవరో మా కారు డోర్ లాగుతున్నారు" అని మెసేజ్ వచ్చింది. దానికి మొదటి రిప్లై "ఏ కారు అండీ?", రెండోది ఒక దండం ఎమోజీ, మూడోది ఇండియాలో అప్పుడే నిద్రలేచిన ఒకళ్ళ తాలూకు గుడ్ మార్నింగ్ గులాబీ. తెల్లారాక పోలీసులకి ఫోన్ చేసిందెవరని ఆరా తీస్తే ఎవరూ చెయ్యలేదు, మెసేజ్ పెట్టినాయన కూడా చెయ్యలేదు, అందరూ ఇంకెవరో చేసుంటారులే అనుకుని పడుకున్నారు.

అక్కడ మొదలైంది మా గస్తీ. మాది డాలస్ పక్క ఊరు, వీధికి సగం ఇళ్ళు మనవాళ్ళవే. మేం చేసిన తప్పులన్నీ మీరు మళ్ళీ చెయ్యక్కర్లేదు కాబట్టి మొదట్నుంచీ రాస్తున్నా. ఇదంతా అమెరికా రూల్సు, ఇండియాలో సంగతి వేరు, అది చివర్లో చెప్తా.

ఫోనుండగా రేడియో దేనికి

ఈ ప్రశ్న అందరూ అడుగుతారు, మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. ఫోన్ ఒకళ్ళకి ఒకళ్ళు మాట్లాడుకోడానికి, రేడియో అయితే ఒక్కళ్ళు బటన్ నొక్కితే పదిమందికీ ఒకేసారి వినపడుతుంది, నంబర్ వెతకక్కర్లేదు, లాక్ తియ్యక్కర్లేదు, మెసేజ్ చూశారా లేదా అని రెండు టిక్కులకేసి చూస్తూ కూచోక్కర్లేదు. ఇంకో పెద్ద లాభం, 911తో మాట్లాడుతున్న ఫోన్ లైన్ అలాగే ఉంచి మిగతా టీమ్‌కి రేడియోలో చెప్పొచ్చు. గాలివానకి సెల్ టవర్ పోయిన రోజు కూడా పనిచేస్తుంది, టెక్సస్‌లో అలాంటి రోజులకి కొదవలేదు.

అయితే ఈ రేడియో పోలీసులతో మాట్లాడటానికి కాదు. పోలీసు ఫ్రీక్వెన్సీలో మనం నోరు విప్పడం నేరం. గస్తీ వాళ్ళు తమలో తాము, తమ బేస్‌తో (అంటే ఒక ఇంట్లో పెద్ద సెట్ దగ్గర కూచుని అందరి మాటలూ వినేవాళ్ళతో) మాట్లాడుకోడానికే రేడియో, పోలీసులకి సమాచారం వెళ్ళేది ఫోన్లోనే. ఈ పద్ధతి కొత్తదేం కాదు, 1962లో రియాక్ట్ అనే వాలంటీర్ సంస్థ పుట్టిందే ఇందుకు. మామూలు జనం వాడుకునే సీబీ రేడియోలో ఎవరైనా ఆపదలో పిలిస్తే వీళ్ళు ఇంట్లో కూచుని విని పోలీసులకో ఆంబులెన్సుకో ఫోన్ కొట్టేవాళ్ళు, తర్వాత 1970లో ఎఫ్‌సీసీ (రేడియోల సంగతి చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) 9వ చానల్‌ని ఎమర్జెన్సీకే కేటాయించింది. మన బేస్ స్టేషన్ చేసేది కూడా అచ్చం ఆ పనే.

సెట్లు కొనకముందు పోలీస్ స్టేషన్‌కి

మేం దీన్ని తిరగేసి చేశాం, ముందు ఆన్‌లైన్‌లో ఎనిమిది సెట్లు ఆర్డర్ పెట్టి, తర్వాత పోలీసుల దగ్గరికెళ్ళాం, వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్నకే నీళ్ళు నమిలాం: "మీలో ట్రైనింగ్ అయినవాళ్ళెవరు?"

చాలా ఊళ్ళలో ఇప్పటికే ప్రోగ్రాములున్నాయి. డాలస్‌లో వాలంటీర్స్ ఇన్ పట్రోల్, ఫోర్ట్‌వర్త్‌లో సిటిజన్స్ ఆన్ పట్రోల్, ఇంకా చిన్న ఊళ్ళలో అయితే నేషనల్ షెరిఫ్స్ అసోసియేషన్ వాళ్ళు 1972లో మొదలెట్టిన నైబర్‌హుడ్ వాచ్ పద్ధతి. మీ ఊరి పోలీస్ డిపార్ట్‌మెంట్‌కి నాన్-ఎమర్జెన్సీ నంబర్లో ఫోన్ చేసి క్రైమ్ ప్రివెన్షన్ ఆఫీసర్‌తో మాట్లాడతానని అడగండి. వాళ్ళు బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు, కొన్ని గంటల క్లాసు పెడతారు, మీరు తిరిగే ఏరియా గీసిస్తారు. హెచ్1బీ, హెచ్4 మీద ఉన్నవాళ్ళని తీసుకుంటారా లేదా అన్నది ఊరిని బట్టి ఉంటుంది, సిగ్గుపడకుండా మొదట్లోనే అడిగేయండి, ట్రైనింగ్ సగమయ్యాక తెలిస్తే బాధ. గస్తీ కుదరకపోయినా ఇంట్లో బేస్ దగ్గర కూచునే పని అయితే కుదరొచ్చు, అదీ అడగండి.

హెచ్ఓఏకి (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘానికి) కూడా ఒక మాట చెప్పి పెట్టుకోండి. వాళ్ళు డబ్బులివ్వకపోయినా అడ్డం పడకుండా ఉంటారు.

లైసెన్స్: ఇక్కడ మనకో అదృష్టం ఉంది

పిల్లలు ఆడుకునే వాకీటాకీలు ఎఫ్ఆర్ఎస్ (ఫ్యామిలీ రేడియో సర్వీస్) కింద వస్తాయి, వాటికి లైసెన్స్ అక్కర్లేదు, పవర్ 2 వాట్లు దాటదు, యాంటెన్నా పీకి వేరేది పెట్టడానికి లేదు. ముప్ఫై నలభై ఇళ్ళ చిన్న కాలనీకి, కాలినడక గస్తీకి ఇవి చాలు, నిజంగా చాలు, దీనితో మొదలెట్టినా తప్పులేదు.

అంతకన్నా పెద్దదైతే జీఎంఆర్ఎస్ (జనరల్ మొబైల్ రేడియో సర్వీస్). దీనికి లైసెన్స్ కావాలి గానీ పరీక్ష లేదు, ఫీజు 35 డాలర్లు (2022 ఏప్రిల్ ముందు 70 ఉండేది), పదేళ్ళ దాకా చెల్లుతుంది. 18 ఏళ్ళు నిండాలి, విదేశీ ప్రభుత్వానికి ప్రతినిధి కాకూడదు, అంతే. పౌరసత్వం అడగరు, కాబట్టి వీసా మీద ఉన్నవాళ్ళూ తీసుకోవచ్చు. ఎఫ్‌సీసీ సైట్లో కోర్స్ అనే చోట అకౌంట్ తెరిస్తే ఎఫ్ఆర్ఎన్ అనే నంబర్ ఇస్తారు, దానితో లాగిన్ అయి కొత్త లైసెన్స్ అప్లై చేస్తూ జడ్ఏ అని ఉన్న జీఎంఆర్ఎస్ సర్వీస్ ఎంచుకుని కార్డుతో డబ్బు కట్టడమే. సైట్ మాత్రం పాత రైల్వే రిజర్వేషన్ సైట్‌లాగా ఉంటుంది, ఓపిక పట్టండి. మామూలుగా కొద్ది రోజుల్లోనే కాల్‌సైన్ (రేడియోలో మీ గుర్తింపు నంబర్) వచ్చేస్తుంది, నాలుగు అక్షరాలు మూడు అంకెలు. మీరిచ్చిన అడ్రస్ ఎఫ్‌సీసీ డేటాబేస్‌లో ఎవరు వెతికినా కనపడుతుంది, ఇష్టం లేకపోతే పోస్ట్ బాక్స్ నంబర్ ఇచ్చుకోండి.

అదృష్టం అన్నది ఇదీ: ఒక్క లైసెన్స్ కుటుంబం మొత్తానికి పనికొస్తుంది, కుటుంబం అంటే ఎఫ్‌సీసీ దృష్టిలో భార్యాభర్తలు, పిల్లలు, మనవలు, అమ్మానాన్న, తాతలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిన్ని బాబాయి, అత్త మామ, మేనల్లుళ్ళు, వియ్యపు వరస దాకా. మన ఉమ్మడి కుటుంబాలని దృష్టిలో పెట్టుకునే రాశారా అనిపిస్తుంది ఆ రూలు చదివితే. కానీ పక్కింటాయన ఎంత "అన్నయ్య గారు" అయినా ఆ లిస్టులో రాడు, ఆయన 35 డాలర్లు ఆయన కట్టుకోవాల్సిందే. హెచ్ఓఏ పేరు మీద జీఎంఆర్ఎస్ లైసెన్స్ కుదరదు, ఇది వ్యక్తులకే.

సెట్ కొనేటప్పుడు

అట్ట మీద "35 మైళ్ళు" అని ఉంటుంది. అది ఒక కొండ మీద మీరు, ఇంకో కొండ మీద మీ బావమరిది నిలబడితే. మన సబ్‌డివిజన్లలో, ఇళ్ళూ చెట్లూ అడ్డం ఉండగా, చేతి సెట్ నుంచి చేతి సెట్‌కి మైలు దూరం వస్తే సంతోషించండి.

మొదటి సెట్ల విషయంలో మేం చేసిన పొరపాటు చెప్తా. అందరూ కొంటున్నారని చౌకగా దొరికే బావోఫెంగ్ యూవీ-5ఆర్ కొన్నాం, మంచి సెట్టే, కానీ అది జీఎంఆర్ఎస్ కోసం సర్టిఫై అయింది కాదు, హామ్ లైసెన్స్ (పరీక్ష రాసి తీసుకునే హాబీ రేడియో లైసెన్స్) ఉన్నవాళ్ళు హామ్ బ్యాండ్లో వాడుకోవాలి. జీఎంఆర్ఎస్‌కి ఎఫ్‌సీసీ పార్ట్ 95 సర్టిఫికేషన్ ఉన్న మోడల్ కావాలి, కొనేముందు పేజీలో అది వెతకండి. పెద్ద డిస్‌ప్లే, ఇరవై ఫీచర్లు ఉన్నదానికి ఎగబడొద్దు. మన టీములో డెబ్బై ఏళ్ళ పెద్దవాళ్ళుంటారు, వాళ్ళకి కావాల్సింది పెద్ద బటన్, గట్టి స్పీకర్, కీప్యాడ్ లాక్, ఈ మూడే. యూఎస్‌బీ-సీతో ఛార్జ్ అయితే ఇంకా మంచిది, లేకపోతే ఆ ప్రత్యేకమైన ఛార్జర్ తొట్టెని ఎవరో ఒకళ్ళు పారేస్తారు, మా దాంట్లో నేనే.

బేస్‌కి మాత్రం మొబైల్ సెట్ (ఫోన్ కాదు, కారులో బిగించే రకం రేడియో) తీసుకోండి, 15 నుంచి 20 వాట్లది చాలు. యాంటెన్నా ఇంటి కప్పు మీద పెడితే హెచ్ఓఏ నుంచి లెటర్ వస్తుంది, డిష్ యాంటెన్నాకి ఉన్న చట్ట రక్షణ దీనికి లేదు, అందుకే అటిక్‌లో పెట్టేసుకున్నాం. కొద్దిగా సిగ్నల్ తగ్గుతుంది గానీ వానలో తడవదు, పక్కింటి వాళ్ళతో మాట పడక్కర్లేదు. అటిక్ కప్పు లోపలివైపు రేకు పొర ఉన్న ఇళ్ళలో ఇది సరిగ్గా పనిచెయ్యదు, ఒకసారి టార్చి వేసుకుని చూసుకోండి.

చానల్, టోన్, నడిచి చూడటం

జీఎంఆర్ఎస్‌లో 1 నుంచి 7 చానళ్ళలో 5 వాట్లు, 8 నుంచి 14లో అర వాటే, 15 నుంచి 22లో 50 వాట్ల దాకా. ఈ ఇరవై రెండూ ఎఫ్ఆర్ఎస్ వాళ్ళవి కూడా, అంటే పార్కులో పిల్లలు ఆడుకుంటూ మీ చానల్లోకి రావచ్చు, వాళ్ళని తరిమే హక్కు మీకు లేదు. వారం రోజులు సాయంత్రాలు అన్ని చానళ్ళూ స్కాన్ పెట్టి ఏది ఖాళీగా ఉందో రాసుకోండి. 20వ చానల్ మీద ప్రయాణికులు సాయం కోసం పిలవడం అలవాటు, దాన్ని వదిలెయ్యండి. ఒకటి మెయిన్, ఒకటి స్పేర్ అనుకోండి, "మెయిన్ పోతే స్పేర్‌కి రండి" అని సెట్ వెనకాల టేపు మీద రాసి అంటించండి.

అట్ట మీద "ప్రైవసీ కోడ్" అని ఉంటుంది చూశారా, ఈ మొత్తం వ్యాపారంలో అంత పచ్చి అబద్ధం పేరు ఇంకోటి లేదు. అది మాటతో పాటు వెళ్ళే ఒక టోన్, అంతే. అది పెట్టుకుంటే *మీకు* ఇతరుల మాటలు వినపడవు, మీ మాటలు మాత్రం ఊరందరికీ వినపడతాయి. ఇరవై డాలర్ల సెట్టుంటే చాలు, మీరు మాట్లాడుకునేదంతా వినొచ్చు. అందుకే మా దగ్గర గట్టి రూలు: "ఫలానా వాళ్ళు ఇండియా వెళ్ళారు, ఇల్లు ఖాళీ, ఒక కన్నెయ్యండి" అన్న మాట రేడియోలో రాకూడదు. మనింట్లో బంగారం ఉంటుందని ఇక్కడి దొంగలకి తెలియదనుకోకండి. 2011, 2014 మధ్య మిషిగన్, టెక్సస్‌తో సహా కొన్ని రాష్ట్రాల్లో ఆసియా మూలాల కుటుంబాల ఇళ్ళే ఏరుకుని, లిస్టులు రాసుకుని మరీ దోచిన ముఠా ఉంది, దాని నాయకురాలికి 2019లో ఫెడరల్ కోర్టు 37 ఏళ్ళ జైలు వేసింది. ఊరెళ్ళే సంగతులు, గేటు కోడ్లు, ఎవరింట్లో పెళ్ళి, ఇవి ఫోన్లో మాట్లాడుకోండి. రేడియోలో రహస్య భాష కనిపెడదామని కొందరికి ఉత్సాహం వస్తుంది, గూఢార్థం ఉన్న మాటలు జీఎంఆర్ఎస్‌లో నిషేధం, ఆ సరదా వద్దు.

తర్వాత నడక టెస్టు. ఒకళ్ళు బేస్ దగ్గర, ఇద్దరు సెట్ పట్టుకుని కాలనీ మొత్తం తిరగండి, ప్రతి మలుపు దగ్గరా "వన్, టూ, త్రీ" అనండి, బేస్ వాళ్ళు కాలనీ మ్యాప్ ప్రింటు తీసుకుని బాగా వినపడినచోట పచ్చ చుక్క, గరగరలాడినచోట పసుపు, వినపడనిచోట ఎరుపు పెట్టాలి. మాకు చెరువు పక్కన పల్లంగా ఉన్న రెండు వీధులు ఎర్రగా వచ్చాయి, సరిగ్గా కార్లు పగిలేదీ అక్కడే, అందుకే అక్కడికి వెళ్ళే కారులో ఒక మొబైల్ సెట్, పైన మాగ్నెట్ యాంటెన్నా పెట్టాం. ఆ మ్యాప్ ఇప్పటికీ బేస్ దగ్గర ఫ్రిజ్‌కి అంటించి ఉంది.

మాట్లాడటం (అసలు పని ఇదే)

మా బేస్ దగ్గర ఎక్కువగా కూచునే అంకుల్ ఇండియాలో రైల్వే స్టేషన్ మాస్టర్‌గా రిటైరయ్యారు, గ్రీన్ కార్డు మీద కొడుకు దగ్గరుంటున్నారు. మేమంతా రేడియోలో "హలో హలో వినపడుతోందా అన్నా" అని అరుస్తుంటే ఆయన రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు క్లాసు పీకారు. లైన్ క్లియర్ ఇచ్చేటప్పుడు పక్క స్టేషన్ వాడు చెప్పింది తిరిగి అప్పజెప్పకపోతే, ఖాయం చేసుకోడానికి వాడే ప్రైవేట్ నంబర్ ఇచ్చిపుచ్చుకోకపోతే రెండు రైళ్ళు ఎదురెదురుగా వస్తాయి, ముప్ఫై ఏళ్ళు అలా బతికినవాణ్ణి, మీ చేత కూడా అప్పజెప్పిస్తాను అన్నారు. ఆయన పెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది.

బటన్ నొక్కాక ఒక క్షణం ఆగి మాట్లాడాలి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది, "వెళ్ళొద్దు" అన్నది "ళ్ళొద్దు" అని వినపడుతుంది. సెట్ నోటికి రెండు మూడు అంగుళాల దూరంలో, కొద్దిగా పక్కకి. ముందు ఎవరిని పిలుస్తున్నారో వాళ్ళ పేరు, తర్వాత మీ పేరు. విన్నవాళ్ళు ముఖ్యమైనది తిరిగి చెప్పాలి. ఒక రాత్రి నిజంగా ఎలా నడిచిందో చూడండి, వీధి పేరు మాత్రం మార్చా:

"బేస్, కారు టూ."
"చెప్పండి కారు టూ."
"మేపుల్ వీధి, దక్షిణం చివర. ఒక మనిషి కార్ల డోర్లు ఒకదాని తర్వాత ఒకటి లాగి చూస్తున్నాడు, ఇప్పుడు నాలుగో కారు. మా పక్కన కూచున్నవాళ్ళు 911తో మాట్లాడుతున్నారు."
"మేపుల్, దక్షిణం చివర, ఒక మనిషి, డోర్లు లాగుతున్నాడు, 911 లైన్లో ఉంది. మీరు ఎంత దూరంలో ఉన్నారు బాబూ?"
"అర బ్లాకు. ఆగలేదు, దాటి వెళ్ళిపోతున్నాం."
"మంచిది. వెనక్కి తిరగొద్దు. కారు వన్, మీరు మేపుల్‌కి రావద్దు, పార్కు గేటు దగ్గరే ఉండండి."
"కారు వన్, పార్కు గేటు దగ్గరే ఉంటాం."

దీంట్లో "దొంగ" అన్న మాట లేదు, గమనించారా. ఆయన దొంగో కాదో మనకి తెలీదు, డోర్లు లాగడం కళ్ళతో చూశాం. చూసింది చెప్పాలి, అనుకున్నది చెప్పకూడదు. ఒకసారి ఒకళ్ళు "అనుమానంగా తిరుగుతున్నాడు" అన్నారు, అంకుల్ వెంటనే "అనుమానం మీది, ఆయన ఏం చేస్తున్నాడో చెప్పండి" అన్నారు, తీరా చూస్తే ఆయన పోయిన కుక్కని వెతుక్కుంటున్నాడు.

తెలుగులో మాట్లాడొచ్చా అంటే, శుభ్రంగా మాట్లాడొచ్చు. కాల్‌సైన్ మాత్రం ఇంగ్లీషులోనే చెప్పాలి, మాటలు అయిపోయినప్పుడు ఒకసారి, పావుగంట దాటి మాట్లాడుతుంటే ప్రతి పదిహేను నిమిషాలకీ ఒకసారి. మీ టీములో తెలుగు రానివాళ్ళుంటే మాత్రం దయచేసి మొత్తం ఇంగ్లీషులోనే నడపండి. మాకు ఒక కొరియన్ ఆవిడ, ఒక టెక్సస్ తాతగారు చేరాక మేం మార్చేశాం, అప్పటిదాకా వాళ్ళు పాపం నవ్వుతూ వినేవాళ్ళు.

కారు నంబర్ల దగ్గర మన ఇంగ్లీషుతో తంటా వస్తుంది. బీ, డీ, పీ, టీ, వీ అన్నీ రేడియోలో ఒక్కలాగే వినపడతాయి, అది అందరికీ ఉన్న బాధే, మనకి అదనంగా వీ, డబ్ల్యూ తేడా నోట్లో పలకదు, జెడ్ అంటే ఇక్కడివాళ్ళకి అర్థం కాదు, జీ అంటే మనకి అర్థం కాదు. అందుకే ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా వరస మొత్తం నేర్చుకోండి, వీకి విక్టర్, డబ్ల్యూకి విస్కీ, జెడ్‌కి జులూ. మన పెద్దవాళ్ళు విస్కీ అనడానికి మొదట్లో మొహమాటపడ్డారు, తర్వాత అలవాటైంది. "డబుల్ ఫైవ్" అనొద్దు, "ఫైవ్ ఫైవ్" అనండి, 911లో ఫోనెత్తే డిస్పాచర్‌కి "డబుల్" అంటే ఒక క్షణం బుర్ర ఆగుతుంది. టెక్సస్ ప్లేటు మామూలుగా మూడు అక్షరాలు, నాలుగు అంకెలు. మొత్తం అందకపోతే అందినంతే చెప్పండి, ఊహించి పూరించొద్దు.

మనకి ఉన్న బలం ఏంటంటే దిక్కులు. ఇక్కడివాళ్ళలో చాలామందికి జీపీఎస్ లేకపోతే ఉత్తరమేదో తెలీదు, మనవాళ్ళు మాత్రం వాస్తు చూసే ఇల్లు కొంటారు కాబట్టి వీధిలో ప్రతి ఇల్లూ ఏ ఫేసింగో కళ్ళు మూసుకుని చెప్తారు. "తూర్పు వైపు నడుస్తున్నాడు" అని చెప్పగలగడం పోలీసులకి చాలా ఉపయోగం, "లెఫ్ట్‌కి వెళ్ళాడు" అంటే ఎవరి లెఫ్టు?

ఎవరి గురించి చెప్పాలి, ఎవరి గురించి చెప్పకూడదు

2015 ఫిబ్రవరి 6న అలబామాలోని మాడిసన్ అనే ఊళ్ళో, మనవణ్ణి చూసుకోడానికి గుజరాత్ నుంచి కొద్ది రోజుల క్రితమే వచ్చిన 57 ఏళ్ళ తాతగారు పొద్దున్నే కొడుకు ఇంటి ముందు రోడ్డు మీద నడుస్తున్నారు. ఇరుగుపొరుగులో ఒకళ్ళు ఎవరో కొత్త మనిషి తిరుగుతున్నాడని పోలీసులకి ఫోన్ చేశారు. ఆయనకి ఇంగ్లీషు రాదు. ఒక ఆఫీసర్ ఆయన్ని నేలకేసి కొట్టాడు, వెన్నుపూస దెబ్బతిని పాక్షికంగా పక్షవాతం వచ్చింది.

ఆ ఫోన్ చేసినవాళ్ళు చెడ్డవాళ్ళని నేననను, బహుశా కాలనీకి మంచి చేస్తున్నాననే అనుకుని ఉంటారు. కానీ మన అమ్మానాన్నలు కూడా ఇలాగే మంకీ క్యాప్, శాలువా వేసుకుని అయిదున్నరకి వాకింగ్‌కి వెళ్తారు, చేతులు వెనక్కి కట్టుకుని ప్రతి ఇంటి ముందూ ఆగి పూలమొక్కలు చూస్తారు. వాళ్ళని ఎవరో చూసి ఫోన్ చెయ్యకూడదని మనకెలా ఉంటుందో, మనం చూసే నల్లజాతి కుర్రాడి అమ్మకీ అలాగే ఉంటుంది. రంగు, టోపీ, "ఇక్కడివాడిలా లేడు" అన్నవి రిపోర్టు కావు. డోర్లు లాగడం, ఇంటి పక్క సందులోంచి వెనక యార్డ్‌లోకి దూకడం, అద్దం పగిలిన చప్పుడు, బెల్లు కొట్టి ఎవరూ పలక్కపోతే పక్క గేటు తియ్యడం, ఒక కారు లైట్లార్పి అదే వీధిలో నాలుగోసారి తిరగడం, ఇవి రిపోర్టు. ఆ పని చూశాకే మనిషి గుర్తులు చెప్పాలి: ఎత్తు, బట్టలు, ముఖ్యంగా చెప్పులో బూట్లో, ఎందుకంటే జాకెట్ విప్పేస్తారు గానీ బూట్లు మార్చుకోరు.

ఇంటికొచ్చిన పెద్దవాళ్ళకి జేబులో ఒక కార్డు పెట్టండి, కొడుకు పేరు, ఇంటి అడ్రస్, ఫోన్, "నాకు ఇంగ్లీషు రాదు" అన్న ఒక్క ఇంగ్లీషు వాక్యంతో. పోలీసు ఆపితే కార్డు కోసం జేబులో చెయ్యి పెట్టకూడదని, చేతులు కనపడేలా ఉంచి నిలబడాలని ముందే చెప్పండి. మెడలో తాడుకి వేలాడేస్తే అసలు ఆ గొడవే ఉండదు.

చెయ్యకూడనివి

వెంటాడటం, ఆపటం, ప్రశ్నించడం, ఫ్లాష్‌లైట్ మొహం మీద కొట్టడం, ఏదీ లేదు. తుపాకీ ఇంట్లోనే. టెక్సస్‌లో లైసెన్స్ లేకుండా మొయ్యచ్చు కదా అని ఒకాయన వాదించారు, మొయ్యచ్చు, మా కారులో మాత్రం కాదు అన్నాం, ఆయన మానేశారు, టీముకి మంచే జరిగింది.

2012 ఫిబ్రవరి 26న ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌లో ఒక నైబర్‌హుడ్ వాచ్ వాలంటీర్ నాన్-ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేసి మాట్లాడుతూనే ట్రేవాన్ మార్టిన్ అనే 17 ఏళ్ళ కుర్రాడి వెంట వెళ్ళాడు. మీరలా చెయ్యక్కర్లేదని డిస్పాచర్ ఫోన్లో చెప్పాడు కూడా. కొన్ని నిమిషాల తర్వాత ఆ కుర్రాడు తుపాకీ దెబ్బకి చనిపోయాడు. కుర్రాడి దగ్గర ఆయుధం లేదు. 2013లో జ్యూరీ ఆ వాలంటీర్‌ని నిర్దోషి అంది, దేశం మాత్రం ఈరోజుకీ ఆ పేరు మర్చిపోలేదు. 2020 ఫిబ్రవరిలో జార్జియాలోని బ్రన్స్‌విక్ దగ్గర జాగింగ్ చేస్తున్న అహ్మద్ ఆర్బరీని ముగ్గురు ట్రక్కులేసుకుని వెంటాడారు, ఒకడు కాల్చి చంపాడు, ముగ్గురికీ హత్యానేరం రుజువైంది. ఆ రాష్ట్రం మామూలు మనిషే నేరస్థుణ్ణి పట్టుకోవచ్చనే 1863 నాటి సిటిజన్స్ అరెస్ట్ చట్టాన్నే రద్దు చేసింది. మా ట్రైనింగ్‌లో ఈ రెండూ తప్పకుండా చెప్తాం, ఎందుకంటే చేతిలో వాకీటాకీ ఉంటే మనిషికి ఎక్కడో పోలీసునన్న ఊపు వస్తుంది, నాకూ వచ్చింది, మొదటి వారం నడక కూడా మారిపోయిందని మా అబ్బాయి వెక్కిరించాడు.

యూనిఫాంలాంటి బట్టలు, కారు మీద తిరిగే లైట్లు, "సెక్యూరిటీ" స్టిక్కర్లు కూడా వద్దు.

911 కాల్

ఎవరు చూశారో వాళ్ళే ఫోన్ చెయ్యాలి. బేస్ చేత చేయిస్తే డిస్పాచర్ అడిగే ప్రతి ప్రశ్నకీ బేస్ మళ్ళీ రేడియోలో అడిగి చెప్పాలి, ఆలస్యమే కాకుండా మధ్యలో మాట మారిపోతుంది. అందుకే కారులో ఎప్పుడూ ఇద్దరు, డ్రైవర్ చేతిలో రేడియో, పక్కనున్నవాళ్ళ చేతిలో ఫోన్. ఫోన్ పట్టని పరిస్థితి అయితేనే బేస్ చెయ్యాలి, అప్పుడు "నేను చూడలేదు, మా గస్తీ వాళ్ళు రేడియోలో చెప్తున్నారు" అని మొదటే చెప్పాలి.

మొదటి మాట అడ్రస్. లైన్ తెగినా అడ్రస్ ఉంటే కారు పంపుతారు. తర్వాత ఏం జరుగుతోంది, ఇప్పుడా అయిపోయిందా, ఆయుధం కనపడిందా, ఎటు వెళ్ళారు, మీరెక్కడున్నారు, మీరు ఏ కారులో ఉన్నారు. చివరిది మర్చిపోకండి, వచ్చే పోలీసులకి చీకట్లో మీరూ అనుమానితుడే. జరుగుతున్న నేరానికి 911, పొద్దున లేచి చూస్తే అద్దం పగిలి ఉంటే నాన్-ఎమర్జెన్సీ. ఇంగ్లీషులో తడబడితే "తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్" అనండి, చాలా సెంటర్లలో ఫోన్ మీద కలిపే సదుపాయం ఉంటుంది. ఇండియా నంబర్ కొట్టబోయి 911 వెళ్ళిపోతే, మనలో చాలామందికి జరిగేదే, భయపడి పెట్టెయ్యకండి, పొరపాటున కొట్టానని చెప్పి పెట్టండి, లేకపోతే వాళ్ళే తిరిగి ఫోన్ చేస్తారు, ఒక్కోసారి ఇంటికి కారు కూడా వస్తుంది.

పోలీసు కారు వచ్చాక రేడియోలో మౌనం. అంకుల్ ఒక్కరే మాట్లాడతారు, అందరూ ఉన్నారా అని లెక్కపెట్టడానికి.

నెలల తరబడి నడపాలంటే

గస్తీలో తొంభై పాళ్ళు విసుగే. ఏమీ జరగని రాత్రులే ఎక్కువ, అది మంచిదే. జనం మానెయ్యకుండా ఉండాలంటే డ్యూటీ రెండు గంటలు దాటకూడదు, నెలకి రెండుసార్లకి మించి ఎవరికీ పడకూడదు. ఆదివారం రాత్రి ఎనిమిదికి హాజరు పిలుస్తాం, ప్రతి ఇల్లూ "ప్రెజెంట్" అనాలి, దానివల్ల ఎవరి బ్యాటరీ చచ్చిందో, ఎవరి సెట్ సోఫా కింద ఉందో తెలిసిపోతుంది.

లాగ్ పుస్తకం పెట్టండి, మామూలు రూళ్ళ నోట్‌బుక్ చాలు. టైము, వీధి, ఏం చూశారు, 911 చేశారా, కేసు నంబర్ ఇస్తే అది. మూడు నెలల లాగ్ పట్టుకెళ్ళి క్రైమ్ ప్రివెన్షన్ ఆఫీసర్‌కి చూపిస్తే, రెండు వీధుల్లో బుధ గురువారాలే ఎక్కువ జరుగుతున్నాయని ఆయన పట్టేశారు, మేం మూడు నెలలూ శుక్ర శనివారాలు తిరిగాం.

ఇంకోటి, తొడ కింద సెట్ పెట్టుకుని కూచోవద్దు. ఒకాయన అలా కూచుంటే బటన్ నొక్కుకుపోయి నలభై నిమిషాలు చానల్ మొత్తం ఆయనదే అయింది, ఆయనకి మా మాట వినపడదు, మాకు మాత్రం ఆయనా ఆయన శ్రీమతీ కోడలి వంట గురించి మాట్లాడుకున్నది అక్షరం పొల్లుపోకుండా వినపడింది, కోడలు గారింట్లో కూడా ఒక సెట్ ఉంది. అందుకే ఇప్పుడు అన్ని సెట్లలోనూ టైమ్-అవుట్ 60 సెకండ్లకి పెట్టాం, మెనూలో టీఓటీ అని ఉంటుంది, సెట్ చేతికొచ్చిన రోజే ముందు అది మార్చండి.

ఇక ఇండియా సంగతి. మన ఊరి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి బాగా పనికొస్తాయని ఈ సెట్లు సూట్‌కేసులో వేసుకెళ్ళొద్దు. అక్కడ లైసెన్స్ లేకుండా చేతి సెట్లకి వదిలిన బ్యాండ్ 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్, మనవి 462, 467లో పనిచేస్తాయి, అక్కడ వాడితే కేసే. వెళ్ళే ముందు సెట్‌ని ఫుల్‌గా ఛార్జ్ చేసి, ఛార్జర్‌తో సహా, మీ తర్వాత డ్యూటీ ఎవరిదో వాళ్ళింట్లో ఇచ్చి వెళ్ళండి.